తుక్కు ఇనుముకు ప్రాణం పోసి... పావు మైలు పరుగు!

కాలిఫోర్నియాలో డొక్కు కార్ల మీద తరగని మోజు
పాత ఇంజన్ల చప్పుడు వినడానికి ఏటా తిరునాళ్ల

ఇటు బాదం తోటలు. అటు ద్రాక్ష పందిళ్లు. మధ్యలో ఒక పాత రన్‌వే. ఏటా మార్చి నెల వచ్చిందంటే చాలు, అక్కడ తిరునాళ్ల సందడి మొదలవుతుంది. అయితే అక్కడ రథం లేదు, ప్రభలు లేవు. ఊరేగేవన్నీ కార్లే! అవి కూడా కొత్తవి కావు. తాతల కాలం నాటివి. కొన్నింటికి మడ్‌గార్డులు ఉండవు. కొన్నింటికి టాపు ఉండదు. ఇంజన్ మీద మూత ఉండదు. పొగ గొట్టాల్లోంచి మంటలు వస్తుంటాయి. ఆ చప్పుడుకు కాళ్ల కింద నేల అదురుతుంది. ఆ ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారతాయి. అయినా చూడవచ్చిన వారెవరూ కదలరు. జుట్టు నెరసిన పెద్దలు మనవలను పక్కన కూచోబెట్టుకుని మరీ చూస్తారు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బేకర్స్‌ఫీల్డ్ పట్టణానికి ఉత్తరాన ఉన్న ఫమోసో అనే చోట జరిగే తంతు ఇది. దీని పేరు ‘మార్చ్ మీట్’. పాతకాలపు కార్లు జతలుగా నిలబడి పావు మైలు దూరం పరుగెత్తుతాయి. దీనినే డ్రాగ్ రేస్ అంటారు. ఆ కార్లకు, వాటికి మూలమైన వాటికి హాట్ రాడ్లని పేరు. డబ్బు లేని కుర్రవాళ్లు తుక్కులోంచి కట్టుకున్న ఈ సరదా ఎనభై ఏళ్లు దాటినా ఎందుకు చావలేదన్నదే ఇక్కడ తెలుసుకోవలసిన విషయం.

తుక్కులో పుట్టిన సరదా

కథ 1932లో మొదలయింది. అంతకు ముందు ఎనిమిది సిలిండర్ల ఇంజన్ అంటే షావుకార్ల కార్లకే ఉండేది. ఆ ఏడాది ఫోర్డ్ కంపెనీ వి-8 ఇంజన్‌ను సామాన్యుడు కొనే కారులో పెట్టింది. దాని బలం 65 గుర్రాలు. టాపు లేని రోడ్‌స్టర్ రకం 500 డాలర్ల లోపే దొరికేది. నాలుగైదేళ్లు గడిచేసరికి అవి సెకండ్ హ్యాండ్ బజారుకు, అక్కడి నుంచి పాత ఇనుప కొట్లకు చేరాయి. కాలిఫోర్నియా కుర్రవాళ్ల చేతికి చిక్కింది అక్కడే.

కారు కొనగానే వాళ్లు చేసే మొదటి పని విప్పడం! వేగానికి పనికిరానిదేదైనా బరువే అన్నది వాళ్ల లెక్క. మడ్‌గార్డులు పోయాయి. బంపర్లు పోయాయి. ముందు అద్దం కూడా పోయింది. ఆ తర్వాత ఇంజన్ పని పట్టారు. ఒక కార్బురేటర్ ఉన్న చోట రెండు, మూడు బిగించారు. సిలిండర్ హెడ్‌ను లేత్ షెడ్డులో అరగదీయించారు. క్యామ్ షాఫ్ట్‌ను సాన పట్టించి వాల్వులు ఎక్కువ సేపు తెరుచుకునేటట్టు చేశారు. విజయవాడ ఆటోనగర్‌లో పనివాళ్లు పాత లారీని విప్పి, ఉన్న సామానుతోనే మళ్లీ నిలబెట్టడం చూసిన వారికి ఈ పని కొత్తగా తోచదు. తేడా ఒక్కటే. అక్కడ బతుకు తెరువు కోసం, ఇక్కడ పందెం కోసం.

ఎండిన చెరువే పందెపు బాట

మరి అంత వేగంతో పరుగెత్తడానికి చోటేదీ? లాస్ ఏంజిల్స్‌కు ఉత్తరాన మొహావి ఎడారిలో ఎండిపోయిన చెరువులు ఉన్నాయి. మైళ్ల పొడవున పలక మాదిరి చదునుగా, గట్టిగా ఉంటాయి. కుర్రవాళ్లు శనివారం రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి అక్కడికి చేరేవారు. ఒకేసారి పదిమంది వరసగా నిలబడి పరుగు తీసేవారు. ముందు వెళ్లిన కారు లేపిన దుమ్ములో వెనుక వారికి దారి కనపడేది కాదు. ప్రమాదాలు తప్పేవి కావు.

ఇలా అయితే లాభం లేదని 1937లో కొన్ని కార్ల క్లబ్బులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. దాని పేరు సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్. ఒక్కొక్క కారే పరుగెత్తాలి, టైము గడియారంతో కొలవాలి, కారును ముందుగా తనిఖీ చేయాలి అని నిబంధనలు పెట్టారు. మరుసటి ఏడాది మురాక్ అనే ఎండు చెరువు మీద తొలి పోటీ జరిపారు. తర్వాత ఆ చెరువును సైన్యం తీసుకుంది. ఇప్పుడక్కడ ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం ఉంది. ఎల్ మిరాజ్ అనే మరో ఎండు చెరువు మీద ఈ సంఘం పోటీలు నేటికీ సాగుతున్నాయి.

యుద్ధం మిగిల్చిన సరంజామా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ సరదాకు రెక్కలు వచ్చాయి. సైన్యంలో ఇంజన్ల పని నేర్చుకున్న యువకులు ఇళ్లకు తిరిగి వచ్చారు. సైన్యం వదిలించుకున్న సామాను అగ్గువకు దొరికింది. యుద్ధ విమానాల కింద వేలాడదీసే పెట్రోలు ట్యాంకు చేప ఆకారంలో గాలిని చీల్చుకుపోయేటట్టు ఉంటుంది. 1946లో బిల్ బర్క్ అనే ఆయన ఆ ట్యాంకుకే చక్రాలు బిగించి కారు చేశారు! లారీలు, బస్సుల డీజిల్ ఇంజన్లకు గాలి అందించే బ్లోయర్‌ను ఊడదీసి పందెపు కారు ఇంజన్ మీద పెట్టినవారు మరికొందరు. పరుగు ముగిశాక కారును ఆపడానికి పారాచ్యూట్ వాడకం కూడా తర్వాత వచ్చింది. విమానాలు వాడడం మానేసిన రన్‌వేలు సరేసరి.

అదే సమయంలో పట్టణాల్లో పెద్ద తలనొప్పి మొదలయింది. ఎడారి దాకా వెళ్లే ఓపిక లేనివారు రాత్రి వేళ ఊళ్లో రోడ్ల మీదనే పందేలు వేయసాగారు. దారిన పోయేవారి ప్రాణాల మీదికి వచ్చింది. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. హాట్ రాడ్ అంటేనే రౌడీల బండి అన్న పేరు పడింది. చట్టం తెచ్చి వీటిని పూర్తిగా మాన్పించాలన్న మాట కూడా వినవచ్చింది.

రోడ్డు మీంచి రన్‌వే మీదికి

ఆ పరిస్థితిలో కొందరు పెద్ద మనుషులు మరో దారి ఆలోచించారు. కుర్రవాళ్లను తిట్టినందువల్ల వేగం మీద మోజు పోదు, వాళ్లకు ఒక చోటు చూపించాలి అన్నది వారి ఆలోచన. 1950లో శాంటా ఆనా విమానాశ్రయంలో వాడకంలో లేని రన్‌వే మీద సి.జె. హార్ట్ డ్రాగ్ రేసులు పెట్టారు. టిక్కెట్టు కొని చూసే పోటీలుగా క్రమం తప్పకుండా నడిచిన తొలి డ్రాగ్ స్ట్రిప్ అదేనంటారు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించారు. అప్పటికి ఆయన ‘హాట్ రాడ్’ పత్రిక సంపాదకుడు. 1953లో ఆ సంఘం తొలి అధికారిక పోటీ పొమోనాలో జరిగింది. దానికి వెన్నుదన్నుగా నిలిచింది ఆ ఊరి పోలీసులే కావడం విశేషం! 1955లో లాంగ్ బీచ్ దగ్గర మరో స్ట్రిప్ వెలిసింది. అందుకు పూనుకున్నది ఎవరో కాదు, లయన్స్ క్లబ్బుల వారు. మన ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టే సంస్థే అక్కడ కుర్రవాళ్ల ప్రాణాలు కాపాడడానికి పందెపు బాట వేయించింది.

పోటీ పద్ధతి తేలికే. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. మధ్యలో కంబం మీద దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. 1963కు ముందు జెండా ఊపేవారు. పచ్చ దీపం వెలిగాక కదలాలి. ముందే కదిలితే ఎర్ర దీపం వెలుగుతుంది, పందెం పోయినట్టే. అక్కడి నుంచి 1,320 అడుగులు, అంటే పావు మైలు. గీత ముందు దాటినవాడే విజేత. మలుపులు లేవు, రెండో చుట్టు లేదు. గెలుపోటములు గుక్క తిప్పుకునే లోపు తేలిపోతాయి.

నీళ్లలాంటి నిప్పు

ఫమోసో పేరు నిలబడిందీ ఒక వివాదం వల్లనే. వేగం కోసం పందెగాళ్లు పెట్రోలు మాని నైట్రోమీథేన్ అనే ద్రవం పోయసాగారు. పెట్రోలు మండాలంటే బోలెడంత గాలి కావాలి. నైట్రోమీథేన్ తనకు కావలసిన ఆక్సిజన్‌లో కొంత తనలోనే మోసుకొస్తుంది. అందువల్ల సిలిండర్‌లోకి వచ్చే గాలి అంతే అయినా ఇంధనం చాలా ఎక్కువగా మండించవచ్చు. బలం రెట్టింపు దాటుతుంది. లెక్క తప్పితే ఇంజన్ బాంబులా పేలుతుంది.

ఖర్చు, ప్రమాదం పెరుగుతున్నాయని 1957లో వాలీ పార్క్స్ సంఘం తన పోటీల్లో దీన్ని నిషేధించింది. నిషేధం ఆరేళ్ల పైచిలుకు సాగింది. బేకర్స్‌ఫీల్డ్ కుర్రవాళ్ల ‘స్మోకర్స్’ క్లబ్బు మాత్రం ఊరుకోలేదు. యుద్ధకాలం నాటి ఫమోసో రన్‌వే మీద 1959లో నైట్రో కార్లకే పెద్ద పోటీ పెట్టింది. దేశానికి ఆ కొసన ఉన్న ఫ్లోరిడా నుంచి డాన్ గార్లిట్స్‌ను పిలిపించింది. గెలుపు మాత్రం కాలిఫోర్నియాకు చెందిన ఆర్ట్ క్రిస్‌మన్‌కు దక్కింది. మార్చ్ మీట్ అలా పుట్టింది.

ఒక పాదం నేర్పిన పాఠం

ఆనాటి పెద్ద కార్లను ‘స్లింగ్‌షాట్’ డ్రాగ్‌స్టర్లు అనేవారు. సన్నగా పొడుగ్గా నిచ్చెనలా ఉండే ఇనుప గొట్టాల చట్రం. ముందు ఇంజన్, దాని వెనుక గేర్ల పెట్టె. డ్రైవరు కూచునేది వెనుక ఇరుసుకు కూడా వెనుక. ఉండేలులో రాయిని పెట్టినట్టు ఉంటుంది ఆయన పరిస్థితి. కాళ్లు ఇరుసుకు అటూ ఇటూ చాపాలి. ఇంజన్ పేలితే నూనె, నిప్పు నేరుగా ముఖం మీదికే. గేర్ల పెట్టె పేలితే కాళ్ల మధ్యనే. అయినా 1964లో గార్లిట్స్ ఇలాంటి కారులోనే గంటకు 200 మైళ్ల వేగం దాటారు.

1970 మార్చి 8న లాంగ్ బీచ్ లయన్స్ స్ట్రిప్‌లో గార్లిట్స్ కారు గీత దగ్గరే పేలింది. గేర్ల పెట్టె పగిలిపోయింది. కారు రెండు ముక్కలయింది. ఆయన కుడి పాదం ముందు భాగం తెగిపోయింది. ముక్కలు ఎగిరి పడి చూడవచ్చిన ఒక యువకుడు కూడా తీవ్రంగా గాయపడ్డాడు. అప్పటికే ఎందరో డ్రైవర్లు ఇలా కాలిపోయారు, కాళ్లు పోగొట్టుకున్నారు, ప్రాణాలు వదిలారు.

ఇంకొకరయితే ఆ పందేలకు దండం పెట్టేవారు. గార్లిట్స్ మాత్రం ఆసుపత్రి మంచం మీద పడుకునే ఇంజన్‌ను డ్రైవరు వెనుకకు మార్చడం ఎలాగా అని ఆలోచించారు. అంతకు ముందు అలాంటి ప్రయత్నాలు చేసినవారి కార్లు తిన్నగా పోయేవి కావు. గార్లిట్స్ బృందం స్టీరింగ్ తిరిగే నిష్పత్తిని తగ్గించి ఆ చిక్కు విడదీసింది. 1971లో కొత్త కారుతో పొమోనాలో గెలిచారు. రెండు మూడేళ్లలో అందరూ అదే బాట పట్టారు. ముందు ఇంజన్ ఉన్న కార్లు మూల పడ్డాయి.

మళ్లీ బయటికొచ్చిన పాత బళ్లు

అక్కడితో కథ ముగియాలి. కానీ ముగియలేదు. మూల పడిన కార్లను కొందరు అమ్ముకోలేదు. గ్యారేజీల్లో, కోళ్ల షెడ్లలో, గడ్డివాముల పక్కన దాచారు. 1973లో ‘అమెరికన్ గ్రాఫిటీ’ సినిమా వచ్చింది. అందులో పసుపు పచ్చని 1932 ఫోర్డ్ కారును చూసి జనానికి కుర్రతనం గుర్తుకొచ్చింది. 1980లు వచ్చేసరికి పాత కార్లకు వేరే పోటీలు ఉండాలన్న కోరిక బలపడింది. 1992 అక్టోబరులో ఫమోసోలోనే ‘కాలిఫోర్నియా హాట్ రాడ్ రీయూనియన్’ మొదలయింది. మార్చ్ మీట్ కూడా పాత కార్ల పండుగగానే మళ్లీ ప్రాణం పోసుకుంది. 1997లో మరో వింత జరిగింది. కోటీశ్వరుల కార్ల అందాల పోటీకి పేరుపడ్డ పెబుల్ బీచ్‌లో హాట్ రాడ్లకు ప్రత్యేక వరుస కేటాయించారు. ఒకప్పుడు రౌడీల బండి అన్నదానికి పట్టు తివాచీ మర్యాద!

ఈ పోటీల్లో పరుగెత్తే పెద్ద డ్రాగ్‌స్టర్లకు ఇంజన్ ముందే ఉండాలి. క్రైస్లర్ కంపెనీ 1950లలో చేసిన ‘హెమి’ ఇంజన్ నమూనానే ఎక్కువమంది వాడతారు. అవి ఆరు సెకన్ల లోపే పావు మైలు దాటుతాయి. వేగం గంటకు 250 మైళ్లు మించుతుంది. గార్లిట్స్ పాదం పోగొట్టుకున్న నాటి కన్నా ఇది ఎక్కువ. అందుకే నిబంధనలూ కఠినమే. పాత రూపమే అయినా చట్రం కొత్త ఉక్కుతో చేయాలి. గేర్ల పెట్టె, క్లచ్ పేలినా ముక్కలు బయటికి రాకుండా కవచం ఉండాలి. డ్రైవరు నిప్పు అంటని దుస్తులు తొడగాలి. ఇన్ని చేసినా ప్రాణానికి పూర్తి హామీ ఉండదని ఎక్కేవాడికి తెలుసు.

పరుగు పెట్టలేని ముసలి కార్లకూ ఒక వేడుక ఉంది. 2000 సంవత్సరంలో మొదలయిన దాని పేరు ‘క్యాకిల్ ఫెస్ట్’. పొద్దు వాలేవేళ పాత డ్రాగ్‌స్టర్లను వెనుక నుంచి ట్రక్కుతో నెట్టి స్టార్ట్ చేస్తారు. వరసగా నిలబెట్టి ఇంజన్లు మోగిస్తారు. అంతే, పందెం లేదు. గొట్టాల నుంచి మంటలు చీకట్లో నిలువుగా లేస్తాయి. ఒకప్పుడు ఆ కారును నడిపిన మనిషే, ఓపిక ఉంటే, మళ్లీ అదే సీట్లో కూచుంటాడు. కాళ్లు సహకరించని వారిని పట్టుకుని ఎక్కిస్తారు.

వేగం కాదు... చేతిపని

ఇవాళ షోరూములోంచి బయటికొచ్చే కరెంటు కారు పాత హాట్ రాడ్‌ను సునాయాసంగా దాటిపోతుంది. చప్పుడూ ఉండదు, పొగా ఉండదు. ఈ మార్పును ఒప్పుకున్నవారిలో గార్లిట్స్ కూడా ఒకరు. 2014లో 82 ఏళ్ల వయసులో ఆయన బ్యాటరీతో నడిచే డ్రాగ్‌స్టర్‌ను గంటకు 184 మైళ్ల వేగంతో నడిపారు. అంటే డబ్బు పెడితే వేగం బజారులో దొరుకుతుంది. మరి పాత కారు కోసం ఈ తాపత్రయం దేనికి?

దానికి జవాబు షెడ్డులోనే కనిపిస్తుంది. 1932 ఫోర్డ్ బాడీ కావాలంటే ఒహాయో రాష్ట్రంలోని బ్రూక్‌విల్ కంపెనీ కొత్త రేకుతోనే చేసి ఇస్తుంది. అయినా తుప్పు పట్టిన అసలు బాడీ దొరికితే కళ్లకద్దుకునే వారున్నారు. చిల్లులకు మాటు వేస్తారు. సొట్టలు తీస్తారు. కుదరని భాగాన్ని లేత్ మీద తామే చేసుకుంటారు. తండ్రి పట్టకారు పడితే కొడుకు దీపం చూపిస్తాడు. నెలల తరబడి ఖర్చు చేసిన కష్టం ఆరు సెకన్లలో పేలిపోవచ్చు. మర్నాడు మళ్లీ విప్పడం మొదలుపెడతారు. వాళ్లు ప్రేమించేది ఆరు సెకన్లను కాదు, ఆ ఆరు సెకన్ల వెనుక ఉన్న చేతిపనిని.

చోటు పోతే అన్నీ పోయినట్టే

అసలు భయం ఇప్పుడు ఇంజన్ల గురించి కాదు, నేల గురించి. శాంటా ఆనా స్ట్రిప్ 1959లోనే మూతపడింది. లయన్స్ స్ట్రిప్‌లో ఆఖరి పందెం 1972 డిసెంబరు 2న జరిగింది. చుట్టుపక్కల ఇళ్లవారికి ఆ చప్పుడు భరించరానిదయింది. ఆరెంజ్ కౌంటీలోని పెద్ద రేస్ వే 1983లో పోయింది. ఈ మధ్యనే 2021లో అట్లాంటాలో, 2023లో హ్యూస్టన్, డెన్వర్‌ల దగ్గర పేరున్న స్ట్రిప్‌లు మూతపడ్డాయి. ఊరికి దూరంగా కట్టినవే. ఊరు నడుచుకుంటూ దగ్గరికొచ్చింది, ఎకరం ధర ఆకాశాన్ని అంటింది. 1949 నుంచి వేగపు పోటీలు జరుగుతున్న యూటా రాష్ట్రపు బానవిల్ ఉప్పు మైదానంలో ఉప్పు పొరే పలచబడుతోంది. 2014, 2015, 2022లలో నేల అనువుగా లేక అక్కడి పోటీలు రద్దు చేయవలసి వచ్చింది. చుట్టూ తోటలే ఉండడం వల్ల ఫమోసో ఇంకా నిలిచి ఉంది.

చోటు లేకపోతే కుర్రవాళ్లు ఎక్కడికి వెళతారన్నది కొత్త ప్రశ్న కాదు. 1940లలో కాలిఫోర్నియా రోడ్లు ఆ ప్రశ్న వేశాయి. అర్ధరాత్రి మోటారు సైకిళ్ల పందేలు వేసే కుర్రవాళ్లను పట్టుకోవడానికి హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు కాపు కాయవలసి వస్తున్న నేటి రోజుల్లో ఆ ప్రశ్న మనకూ ఉంది. వేగం మీద మోజును తిట్టి ఆపలేమని, చోటు చూపి, గడియారం పెట్టి, నిబంధన నేర్పితే అదే మోజు ఒక విద్య అవుతుందని ఆనాటి పోలీసులు, లయన్స్ క్లబ్బుల వారు గుర్తించారు. వారు ఆ పని చేసి ఉండకపోతే ఫమోసోలో నేడు మనవలను పక్కన కూచోబెట్టుకున్న తాతలలో ఎందరు ఇంతవరకు బతికి ఉండేవారో!